పదో కుర్చీ పేచీ: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ప్లేఆఫ్‌కు అర్హులెవరో ఎందుకు తేలదు?

క్లుప్తంగా: పోటీలో 2025 నాటికి 136 జట్లు, ఒక్కో జట్టుకు 12 మ్యాచ్‌లు, ప్లేఆఫ్‌లో 12 చోట్లు. అందరినీ ఒకచోట కొలిచే పాయింట్ల పట్టిక లేదు. 13 మంది సభ్యుల కమిటీ ఓట్లేసి ర్యాంకులు ఇస్తుంది. ఏ జట్టు బలమైనదన్న ప్రశ్నకూ, ఏ జట్టు చోటు సంపాదించుకుందన్న ప్రశ్నకూ వేరువేరు జవాబులు వచ్చినప్పుడల్లా గొడవ మొదలవుతుంది. చోట్లు రెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి 12 అయినా గొడవ ఆగలేదు. తగాదా పడే జట్ల పేర్లు మాత్రం మారుతున్నాయి.

ఆడకుండానే తారుమారు

2025 డిసెంబర్ 7 ఆదివారం కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ జాబితా వచ్చింది. పదో చోటు మయామీది. నోటర్ డేమ్‌కు 11వ ర్యాంకు, అంటే ఇంటిదారి. అంతకు ఐదు రోజుల ముందు వచ్చిన జాబితాలో నోటర్ డేమ్ పదో స్థానంలో, మయామీ 12లో ఉన్నాయి. ఈ మధ్యలో రెండు జట్లూ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

రెండింటికీ పది గెలుపులు, రెండు ఓటములు. ఆగస్టు చివర్లో సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఇవి తలపడితే మయామీ 27-24తో గెలిచింది. ఆ తర్వాత నోటర్ డేమ్ టెక్సస్ ఏ అండ్ ఎం చేతిలో 41-40తో ఓడి, అక్కడి నుంచి వరసగా పది గెలిచింది. మయామీ మాత్రం సీజన్ మధ్యలో లూయివిల్ చేతిలో, ఎస్ఎంయూ చేతిలో ఓడింది. నవంబర్ మొదటి వారం ర్యాంకుల్లో నోటర్ డేమ్‌ది పదో స్థానం, మయామీది 18. అప్పటి నుంచి ప్రతి మంగళవారం నోటర్ డేమే పైన ఉంటూ వచ్చింది.

కమిటీ చెప్పిన కారణం ఇది. చివరి వారం దాకా ఈ రెండింటి మధ్యలో వేరే జట్టు ఉండేది. ఆ జట్టు బీవైయూ. అది తన కాన్ఫరెన్స్ (యూనివర్సిటీల కూటమి) ఫైనల్లో టెక్సస్ టెక్ చేతిలో 34-7తో చిత్తుగా ఓడి కిందికి జారడంతో మయామీ, నోటర్ డేమ్ పక్కపక్కకు వచ్చాయి. పక్కపక్కన ఉన్న జట్లనే ఎదురెదురుగా పెట్టి పోలుస్తారు కాబట్టి, ఆగస్టు నాటి ఫలితం అప్పుడు లెక్కలోకి వచ్చింది.

వినడానికి పద్ధతిగానే ఉన్నా, ఆగస్టు నాటి స్కోరు నవంబర్‌లోనూ అదే కదా అని అడిగేవారికి ఇందులో జవాబు దొరకలేదు. నోటర్ డేమ్ ఆ కోపంతో, ప్లేఆఫ్‌కు రాని జట్లకు సీజన్ చివర్లో పెట్టే బౌల్ మ్యాచ్ కూడా ఆడనని తప్పుకుంది.

క్రికెట్ చూసేవారికి 2019 ప్రపంచ కప్ గుర్తుండే ఉంటుంది. న్యూజిలాండ్, పాకిస్తాన్ రెండూ 11 పాయింట్లతో నిలిచాయి. లీగ్ మ్యాచ్‌లో గెలిచింది పాకిస్తానే అయినా నెట్ రన్ రేట్ లెక్కన సెమీఫైనల్‌కు వెళ్ళింది న్యూజిలాండ్. పాకిస్తాన్ అభిమానులకు అది బాధే, కానీ కుట్ర అనడానికి వీల్లేకపోయింది. ఎందుకంటే ఆ నియమం టోర్నీ మొదలుకాక ముందే కాగితం మీద ఉంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో లేనిది అదే. ముఖాముఖి ఫలితం చూడాలని రాసి ఉంది గానీ, దానికి ఎంత బరువు ఇవ్వాలో రాసి లేదు.

పట్టిక ఎందుకు పెట్టలేరు?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఒంటికి బాగా దెబ్బలు తగులుతాయి కాబట్టి వారానికి ఒక మ్యాచే ఆడతారు. కాలేజీ సీజన్ మొత్తం కలిపి 12 మ్యాచ్‌లు. పై స్థాయిలో 2025 నాటికి 136 యూనివర్సిటీల జట్లున్నాయి కాబట్టి, ఏ జట్టైనా మిగతావాటిలో పదో వంతుతో కూడా తలపడదు.

ఐపీఎల్‌లో పది జట్లు తలా 14 మ్యాచ్‌లు ఆడితే పట్టికలో పై నాలుగు ముందుకు వెళ్తాయి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు, 17 మ్యాచ్‌లు. 14 జట్లు ప్లేఆఫ్‌కు వెళ్తాయి, సమానమైతే ఏం చూడాలో వరసగా రాసి ఉంటుంది. అక్కడ కమిటీ అవసరమే లేదు. కాలేజీల్లో అలా కుదరదు. ఒక జట్టు 11 గెలుపులు బలమైన ప్రత్యర్థుల మీద వచ్చి ఉండొచ్చు, ఇంకో జట్టు 11 గెలుపులు అనామకుల మీద వచ్చి ఉండొచ్చు.

ఈ చిక్కు తెలుగు రాష్ట్రాల్లో ఈఏపీసెట్ రాయించిన ప్రతి ఇంటికీ తెలుసు. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది, ఒక్కో సెషన్‌కు ఒక్కో పేపర్. ఒకరికి తేలిక పేపర్ వస్తుంది, ఇంకొకరికి కష్టమైనది. అందుకే మార్కులను నార్మలైజ్ చేస్తారు. దానిమీదా ఏటా సణుగుడు ఉంటుంది, కానీ అక్కడ ఒక్కో సెషన్‌లో వేల మంది రాస్తారు కాబట్టి సగటు తీయడానికి ఆధారం ఉంటుంది. ఫుట్‌బాల్‌లో ఒక్కో ‘విద్యార్థి’ 12 ప్రశ్నలే రాస్తాడు, పక్కవాడి పేపర్‌తో కలిసే ప్రశ్న ఒకటో రెండో ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు. ‘షెడ్యూల్ బలం’ అని కంప్యూటర్ లెక్కలు ఎన్ని వేసినా, ఇంత తక్కువ సమాచారంతో తొమ్మిదో జట్టుకూ పన్నెండో జట్టుకూ తేడా చెప్పడం గణితానికి మించిన పని.

కాన్ఫరెన్స్‌లు పెరిగిపోవడం దీన్ని ఇంకా చెడగొట్టింది. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కట్టిన కూటమి. ఒకప్పుడు ఇరుగుపొరుగు రాష్ట్రాలవి కలిసేవి. 2024లో టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీలో చేరాయి. పసిఫిక్ తీరంలోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి వెళ్ళాయి. పేరుకు బిగ్ టెన్, ఉన్నవి 18 జట్లు. 2025లో ఎస్‌ఈసీలోని 16 జట్లు తమలో తాము ఆడింది ఎనిమిదేసి మ్యాచ్‌లు, అంటే సొంత కూటమిలోనే దాదాపు సగం జట్ల ముఖం చూడలేదు.

మయామీ ఉన్న ఏసీసీ కాన్ఫరెన్స్‌లో జరిగింది మరీ విచిత్రం. 2025లో రెండో స్థానానికి మయామీతో సహా ఐదు జట్లు సమానంగా నిలిచాయి. టై విడగొట్టే సూత్రం డ్యూక్‌ను ఫైనల్‌కు పంపింది. అప్పటికి డ్యూక్ మొత్తం రికార్డు 7 గెలుపులు, 5 ఓటములు. ఆ డ్యూకే ఫైనల్లో వర్జీనియాను ఓడించి ఛాంపియన్ అయింది. మయామీ తన కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా ఆడకుండా ప్లేఆఫ్‌కు వెళ్తే, కాన్ఫరెన్స్ గెలిచిన డ్యూక్ వెళ్ళలేదు.

బలమా, సంపాదనా?

ఏ వాదన విన్నా అడుగున రెండు ప్రశ్నలుంటాయి. రేపు ఆడితే ఎవరు గెలుస్తారన్నది ఒకటి. ఇప్పటిదాకా ఎవరు ఎక్కువ సాధించారన్నది ఇంకొకటి. మొదటిది అంచనా, రెండోది రికార్డు. చాలా ఏళ్ళు రెండూ ఒకే జట్టును చూపిస్తాయి కాబట్టి తేడా బయటపడదు. 2023లో బయటపడింది.

ఆ ఏడు ఫ్లోరిడా స్టేట్ కాన్ఫరెన్స్ ఫైనల్‌తో కలిపి ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది, ఏసీసీ ఛాంపియన్ కూడా. కానీ నవంబర్‌లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. బౌలర్, కెప్టెన్ ఒకరే అయిన క్రికెట్ జట్టుకు అతను లేకపోతే ఎలా ఉంటుందో, ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ లేకపోతే అలా ఉంటుంది. అప్పట్లో నాలుగే చోట్లు. కమిటీ ఫ్లోరిడా స్టేట్‌ను ఐదో స్థానంలో ఉంచి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాను నాలుగులోకి తీసుకుంది. ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ వేరే జట్టన్నది కమిటీ మాట. ముఖ్య ఆటగాళ్ళు అందుబాటులో లేకపోవడాన్ని చూడొచ్చని నిబంధనల్లో ఉంది, కాబట్టి రూలు తప్పలేదు. అయినా పెద్ద కాన్ఫరెన్స్ గెలిచి, ఒక్క ఓటమీ లేని జట్టు బయట ఉండిపోవడం నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో అదే మొదటిసారి.

తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63-3తో ఓడింది. కమిటీ చెప్పిందే నిజమని కొందరు వెంటనే తేల్చేశారు. కానీ ఆ మ్యాచ్‌కు ఆ జట్టులోంచి పాతికమందికి పైగా దూరంగా ఉన్నారు. కప్పు ఆశ పోయాక, ఎన్‌ఎఫ్‌ఎల్ కెరీర్ ముందున్న కుర్రాళ్ళు దెబ్బలు తగిలించుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు? ఎంపిక చేశాక వచ్చిన ఫలితం ఎంపికకు సాక్ష్యం కాదు. బయట ఉన్న జట్టు లోపల ఎలా ఆడేదో ఎప్పటికీ తెలియదు.

రెండేళ్ళ తర్వాత ఇంకో పోలిక దొరికింది. 2025 నవంబర్ చివర్లో ఓల్ మిస్ కోచ్ లేన్ కిఫిన్ ప్లేఆఫ్ ముంగిట జట్టును వదిలి ఎల్ఎస్‌యూకు వెళ్ళిపోయాడు. ఆటగాడు లేకపోతే లెక్కేసిన కమిటీ కోచ్ లేకపోవడాన్ని పట్టించుకుంటుందా అని అందరూ చూశారు. ఓల్ మిస్ ర్యాంకు తగ్గలేదు, ఆరో సీడ్ దక్కింది. ఆ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళింది.

గ్రేప్‌వైన్ గదిలో

కమిటీ టెక్సస్‌లోని గ్రేప్‌వైన్‌లో ఒక హోటల్లో కూర్చుంటుంది. డాలస్ తెలుగువాళ్ళకు అది దూరమేమీ కాదు, ఇర్వింగ్ పక్కనే. సభ్యుల్లో యూనివర్సిటీల క్రీడా విభాగాల అధిపతులు, మాజీ కోచ్‌లు, మాజీ ఆటగాళ్ళు ఉంటారు. తన యూనివర్సిటీ గురించి చర్చ వచ్చినప్పుడు సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్ళాలి.

ఓటింగ్ ఒక్కసారిగా జరగదు. సభ్యులు మొదట తలా 30 జట్ల పేర్లు రాస్తారు. అందులోంచి కొన్ని జట్లను చిన్న గుంపుగా ముందుకు తెచ్చి వరస పెట్టి, పైన నిలిచిన వాటిని ఖాయం చేసి, మిగిలినవాటితో కొత్తవి కలిపి మళ్ళీ ఓటేస్తారు. ఇలా 25 దాకా సాగుతుంది. ‘పక్కపక్కన ఉంటేనే పోలిక’ అన్న సమాధానం ఈ గుంపుల పద్ధతిలోంచి పుట్టిందే. జట్టు నంబరు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఓటింగ్‌లో ఏ గుంపులో పడింది అన్నదీ అంతే ముఖ్యం.

చూడాల్సిన అంశాలు షెడ్యూల్ బలం, ముఖాముఖి, ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థులపై ఫలితాలు, కాన్ఫరెన్స్ టైటిల్. 2025లో ‘రికార్డు బలం’ అనే కొత్త కొలత కూడా కలిపారు. వేటికీ ఇన్ని మార్కులని లేదు. సభ్యులు తలా ఒక తూకంతో తూస్తారు, సభ్యులు మారితే తూకమూ మారుతుంది.

వారం వారం ర్యాంకులు టీవీలో ప్రకటించడం మరో తలనొప్పి. నిజానికి చివరి జాబితా ఒక్కటే లెక్క. కానీ ఐదారు వారాల పాటు ఒక జట్టును పైన చూపించి చివరి రోజు దించితే, చేతికిచ్చి లాక్కున్నట్టే ఉంటుంది. 2014లో టీసీయూ మూడో స్థానంలో ఉండి, చివరి మ్యాచ్‌లో అయోవా స్టేట్‌ను 55-3తో చితక్కొట్టి కూడా ఆరుకు పడిపోయింది. అదే శనివారం విస్కాన్సిన్‌ను 59-0తో ఓడించిన ఒహాయో స్టేట్ నాలుగో స్థానానికి ఎక్కి, ఆ ఏడాది కప్పే కొట్టింది. ర్యాంకుల షో వల్ల మంగళవారాలు టీవీకి ప్రేక్షకులు వస్తారు, కమిటీకి మాత్రం తిట్లే మిగులుతాయి.

చోట్లు పెరిగితే తీరిందా?

ఇదేమీ కొత్త జబ్బు కాదు. 1936లో మొదలైన ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ) పోల్ నుంచి చాలా దశాబ్దాలు పత్రికల వాళ్ళ ఓటు, కోచ్‌ల ఓటుతోనే ఛాంపియన్‌ను తేల్చేవారు. 1997లో ఒకరు మిషిగన్ అంటే, ఇంకొకరు నెబ్రాస్కా అన్నారు. మరుసటేడు నుంచి బీసీఎస్ అనే పద్ధతిలో పోల్స్, కంప్యూటర్లు కలిపి మొదటి రెండు జట్లకు ఫైనల్ పెట్టారు. 2004లో ఆబర్న్ ఒక్క మ్యాచ్ ఓడకుండా మూడో స్థానంలో ఆగిపోయింది. 2014 నుంచి నాలుగు చోట్లు. 2017లో ఓటమి ఎరుగని యూసీఎఫ్‌కు చోటు రాలేదు, ఆ యూనివర్సిటీ తనను తానే జాతీయ ఛాంపియన్‌గా ప్రకటించుకుని ఊరేగింపు కూడా చేసుకుంది.

2024లో 12 చోట్లయ్యాయి. మొదటి ఏడాదే తొమ్మిదో ర్యాంకు బాయ్సీ స్టేట్‌కు, 12వ ర్యాంకు అరిజోనా స్టేట్‌కు కాన్ఫరెన్స్ ఛాంపియన్లన్న లెక్కన మొదటి రౌండ్ ఆడకుండా బై ఇచ్చారు. బై వచ్చిన నాలుగు జట్లూ క్వార్టర్‌ఫైనల్లో ఓడాయి. 2025కి సీడ్లను నేరుగా ర్యాంకుల ప్రకారం మార్చారు.

అప్పటికీ చివరి చోటు గొడవ అలాగే ఉంది. 2024లో మూడు మ్యాచ్‌లు ఓడిన అలబామా బయట, కాన్ఫరెన్స్ ఫైనల్లో క్లెమ్‌సన్ చేతిలో ఓడిన ఎస్ఎంయూ లోపల. ఫైనల్ దాకా వెళ్ళినందుకు శిక్షించకూడదన్నది అప్పటి సూత్రం. 2025లో అదే సూత్రం అలబామాకు పనికొచ్చింది. జార్జియా చేతిలో 28-7తో ఓడినా తొమ్మిదో ర్యాంకు చెక్కుచెదరలేదు. బీవైయూ మాత్రం అదే రోజు, ఇంచుమించు అలాగే ఓడి ఒక మెట్టు దిగింది. ఈ రెండింటినీ ఒకే సూత్రంతో సమర్థించడం కష్టం.

చోట్లు పెరిగేకొద్దీ గొడవ ఎందుకు తగ్గదంటే, జట్ల బలాన్ని గీతలా గీస్తే పైన కొద్దిమందే ఉంటారు, మధ్యలో గుంపు ఎక్కువ. ఒకటో జట్టుకూ ఐదో జట్టుకూ తేడా కంటికి కనబడుతుంది. పదికీ పదిహేనుకూ కనబడదు. బాస్కెట్‌బాల్‌లో 68 జట్లను తీసుకుంటారు, 69వ జట్టు ఏటా కోర్టు బయట కూర్చుని గోల పెడుతుంది. అయితే ఒక మేలు జరిగింది. ఇప్పుడు అన్యాయమైనా జరిగేది పదకొండో జట్టుకు, ఓటమి ఎరుగని ఛాంపియన్‌కు కాదు.

చిన్న కూటముల మీద పెద్ద చూపు

12 చోట్లున్నా తగువు పదో కుర్చీ దగ్గరే ఎందుకంటే, 2025లో 20వ ర్యాంకు టులేన్, 24వ ర్యాంకు జేమ్స్ మాడిసన్ ఛాంపియన్ల కోటాలో వచ్చాయి. పై ర్యాంకుల్లోని ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకు చోటు ఖాయం అన్నది నియమం. ఏసీసీలో డ్యూక్ గెలవడంతో ఆ ఐదో చోటు జేమ్స్ మాడిసన్‌కు వెళ్ళింది. నోటర్ డేమ్, బీవైయూ 11, 12 ర్యాంకులతో బయటే ఉండిపోయాయి.

టులేన్ 41-10తో, జేమ్స్ మాడిసన్ 51-34తో ఓడాక, వీళ్ళకు విడిగా చోటెందుకన్న మాట గట్టిగా వినిపించింది. అదే టోర్నీలో అలబామా 38-3తో, ఒరెగాన్ సెమీఫైనల్లో 56-22తో ఇండియానా చేతిలో ఓడాయి. అప్పుడు ఎస్‌ఈసీకి, బిగ్ టెన్‌కు చోట్లు తగ్గించాలని ఎవరూ అనలేదు. చిన్న జట్టు ఓడితే అది దాని స్థాయి, పెద్ద జట్టు ఓడితే ఆ రోజు బాగోలేదు అనే లెక్క ఆటలన్నిటిలోనూ ఉన్నదే.

కుర్చీ ఖరీదు

2024, 2025 సీజన్లలో ప్లేఆఫ్‌కు వెళ్ళిన ప్రతి జట్టు పేరిట దాని కాన్ఫరెన్స్‌కు 40 లక్షల డాలర్లు, క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్తే ఇంకో 40 లక్షలు, సెమీస్‌కు, ఫైనల్‌కు 60 లక్షల చొప్పున అందేవి. నోటర్ డేమ్ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు కాబట్టి ఎవరికీ పంచే పని లేదు. 2024లో ఫైనల్ ఆడినందుకు 2 కోట్ల డాలర్లు మొత్తం దానివే. ఏడాది తిరిగేసరికి అది సున్నా.

2026 సీజన్ నుంచి ఆరేళ్ళకు టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్ ప్లేఆఫ్ ప్రసారాలకు ఏడాదికి సుమారు 130 కోట్ల డాలర్లు ఇస్తుంది. అందులో సగానికి పైగా ఎస్‌ఈసీ, బిగ్ టెన్‌ల వాటా. ప్రసార సంస్థకు ఎస్‌ఈసీతోనూ ఒప్పందం ఉండడంతో పక్షపాతం ఆరోపణలు ఏటా వస్తాయి. కమిటీ ఓటులో ఆ సంస్థకు పాత్ర లేదు, కానీ ఆట, డబ్బు, ప్రకటన ఒకే తెర మీద జరిగితే అనుమానం రాకుండా ఆపడం కష్టం. 2023లో చోటు దక్కని ఫ్లోరిడా స్టేట్ ఆ డిసెంబర్‌లోనే తన సొంత కాన్ఫరెన్స్ ఏసీసీ మీద కోర్టుకెక్కింది. ఆ గొడవ 2025లో రాజీతో ముగిసింది.

2026 నుంచి మారేవి

బిగ్ టెన్‌ ప్లేఆఫ్‌లో 24 జట్లు కావాలంది, ఎస్‌ఈసీ 16 చాలంది. ఒప్పందం కుదరక 2026కు 12 జట్లే ఉంచారు. ఎస్‌ఈసీ తన కాన్ఫరెన్స్ మ్యాచ్‌లను తొమ్మిదికి పెంచుతోంది, కాబట్టి పోలికకు కాస్త ఎక్కువ సమాచారం దొరుకుతుంది. అదే సమయంలో బయటి బలమైన జట్లతో మ్యాచ్ పెట్టుకోవడానికి కోచ్‌లు వెనకాడే ప్రమాదం ఉంది. 2025లో నోటర్ డేమ్ ఓడిన రెండు మ్యాచ్‌ల తేడా కలిపి నాలుగు పాయింట్లు. ఆ రెండు చోట్లా బలహీన జట్లను పెట్టుకుని ఉంటే 12కి 12 గెలిచేదేమో అన్న లెక్క షెడ్యూల్ వేసేవాళ్ళ బుర్రలో ఇప్పటికే తిరుగుతుంటుంది.

అసలు మార్పు అర్హత నియమాల్లో ఉంది. 2026 నుంచి ఏసీసీ సహా నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌ల ఛాంపియన్లకు ర్యాంకుతో పనిలేకుండా చోటు ఉంటుంది. మిగతా కాన్ఫరెన్స్‌ల ఛాంపియన్లలో పై ర్యాంకున్న ఒక జట్టుకు చోటు. నోటర్ డేమ్ మొదటి 12 ర్యాంకుల్లో ఉంటే దానికీ ఖాయం.

ఇవే నియమాలను 2025 ర్యాంకులకు పెట్టి చూస్తే డ్యూక్ ఐదు ఓటములతో లోపలికి వస్తుంది. టులేన్ ఉంటుంది, జేమ్స్ మాడిసన్ పోతుంది. 11వ ర్యాంకు నోటర్ డేమ్ లోపలికి వస్తుంది. అలా 12 నిండేసరికి పదో ర్యాంకు మయామీకి చోటు లేదు. అదే మయామీ టెక్సస్ ఏ అండ్ ఎం, ఒహాయో స్టేట్, ఓల్ మిస్‌లను వరసగా ఓడించి 2026 జనవరిలో ఫైనల్‌కు వచ్చి, ఓటమి ఎరుగని ఇండియానా చేతిలో 27-21తో ఓడింది.